డ్రైవర్ ఏమాయె?

సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్సులో పెరిగిన మాబోటి పిల్లలకు ఇంగ్లిష్ సినిమా రెండుసార్లు వచ్చేది. మొదట కథగా వచ్చేది, పెద్దవాళ్లెవరైనా చూసొచ్చి చెబితే. తరవాత ఎన్నో ఏళ్లకు, మేం మీసాలొచ్చిన వాళ్లమయ్యాక, సినిమాగా వచ్చేది. ఈ రెంటి మధ్య కాలంలో ఆ కథ మా వీధుల్లో తిరిగి, మా మనుషుల మాటలు పీల్చుకుని, మా సొంతదైపోయేది. ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ నాకు అలా వచ్చిన సినిమా. లోకమంతా దాన్ని కారు ఛేజింగు కోసం గుర్తుపెట్టుకుంది. మా వరసలోని వాళ్లు దాన్ని రైలు సినిమాగా గుర్తుపెట్టుకున్నారు.

మేం ఉండేది మెట్టుగూడలో. ఒకవైపు లాలాగూడ వర్క్‌షాప్, ఇంకోవైపు సికింద్రాబాద్ స్టేషన్ యార్డు. 1874లో నిజాం హయాంలో వాడి నుంచి సికింద్రాబాద్‌కు పట్టాలు పడ్డప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల బతుకంతా బండి చుట్టూనే తిరిగింది. 1893లో లాలాగూడ వర్క్‌షాప్ వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాద్ దానికి కేంద్రమయ్యాక మరెన్నో ఊళ్లవాళ్లు వచ్చి చేరారు. మా ఒక్క వరసలోనే జనగామ దిక్కు నుంచి వచ్చిన మేము, రాజమండ్రి నుంచి వచ్చిన గార్డుగారి కుటుంబం, ఒక తమిళ ఫిట్టరు, చివరింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ మెయిల్ డ్రైవరు ఉండేవాళ్లు. వర్క్‌షాప్ కూతతో ఫిట్టర్ల ఇళ్లలో పొద్దు మొదలయ్యేది. డ్రైవర్ల ఇళ్లకు అలాంటి పొద్దూ మాపూ లేదు. ఏ అర్ధరాత్రో కాల్ బాయ్ సైకిల్ మీద వచ్చి, కిటికీ తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. మా నాయిన తన ఇనప పెట్టె సర్దుకుని, క్యారేజీ పట్టుకుని చీకట్లోకి నడిచేవాడు. కాజీపేట రన్నింగ్ రూములో నడుం వాల్చి మర్నాడో, ఆ మర్నాడో ఇంకో బండితో తిరిగొచ్చేవాడు.

నాయిన ఆవిరి ఇంజన్ డ్రైవరు. గూడ్సు బళ్లే ఎక్కువగా నడిపేవాడు. మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ... ఈ పేర్లను నేను బడిలో భూగోళంగా నేర్చుకోలేదు, నాయిన అన్నం తింటూ చెప్పే మాటల్లో నేర్చుకున్నాను. ఎక్కడ ఎత్తు వస్తుందో, ఎక్కడ బండి తనంతట తనే పరుగెత్తుతుందో, ఏ ఊరి దగ్గర గొర్రెల మంద పట్టాల మీదికి వస్తుందో అన్నీ ఆ పేర్లతోపాటే వచ్చేవి. కొన్ని రోజులు ఇంటికి వచ్చీ రాగానే లోపల కాలు పెట్టేవాడు కాదు. పెరట్లో రెండు బిందెల నీళ్లు పోసుకుని, అరుగు మీద చాలాసేపు కూర్చునేవాడు. ఆ రోజు పట్టాల మీద మనిషి తగిలాడని అమ్మకు తెలిసిపోయేది. మమ్మల్ని మాట్లాడించనిచ్చేది కాదు. నిండు గూడ్సు బండి బ్రేకు వేసిన చోట ఆగదు. చాలా దూరం పోయి ఆగుతుంది. ఆ దూరమంతా డ్రైవరు కూత వేస్తూ, చూస్తూ ఉండాల్సిందే. డ్రైవరు కొడుకుగా నేను తెలుసుకున్న మొదటి సంగతి అది.

ఇక సినిమా సంగతి. సిపాయిల కోసం వెలసిన ఊరు మాది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకుని, బ్రిటిష్ దండు చుట్టూ పెరిగింది. అందుకే ఇంగ్లిష్ సినిమాకు ఇక్కడ ముందు నుంచీ చోటుంది. టివోలి, ప్లాజా, ఆ తరవాత వచ్చిన సంగీత్ ఇంగ్లిష్ సినిమాలకు పేరుపడ్డ హాళ్లు. ఆ రోజుల్లో హాలంటే ఊరికి ఆనవాలు. ఈనాటికీ పరేడ్ గ్రౌండులో సభ జరిగితే టివోలి చౌరస్తా నుంచి ప్లాజా చౌరస్తా దాకా రోడ్డు మూసేశామని పోలీసులు ప్రకటిస్తారు. సంగీత్ హాలు లేకపోయినా సంగీత్ చౌరస్తా ఉంది. ప్యారడైజ్ టాకీసు పోయినా ఆ పేరు మీద ఒక హోటలూ, ఒక కూడలీ, ఒక మెట్రో స్టేషనూ ఉన్నాయి. ఆ హాళ్లలో సినిమాకు ముందు ప్రభుత్వం వారి వార్తాచిత్రం వేసేవారు. ఎక్కడో వరద, ఎక్కడో ఆనకట్టకు శంకుస్థాపన. తరవాత తెర మీదికి మాకు తెలియని ఊళ్లు, మాకు తెలియని వెడల్పాటి కార్లు వచ్చేవి. మా ఊళ్లో కారంటే అంబాసిడరో ఫియటో. వాటిలో ఎక్కిన వాళ్లం మాలో ఎవరమూ లేము.

మాకు సినిమాలు చెప్పేవాడు గార్డుగారి పెద్దబ్బాయి. మాకందరికీ ‘అన్న’. వర్క్‌షాప్‌లో అప్రెంటీసుగా చేరాడు కాబట్టి చేతిలో నాలుగు డబ్బులుండేవి. ఆదివారం ఉదయం ఆటకు పోయి, మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రానికి వేపచెట్టు కింద కల్వర్టు మీద కూర్చునేవాడు. మేమంతా చుట్టూ చేరేవాళ్లం. ఇంగ్లిష్ మాటలు తనకు ఎంత అర్థమయ్యాయో నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. తెర మీద జరిగింది జరిగినట్టు, ఏ మనిషి ఎటువైపు నుంచి వచ్చాడో, తలుపు ఎడమకు తెరుచుకుందో కుడికి తెరుచుకుందో కూడా వదలకుండా చెప్పేవాడు. గొంతుతో ఇంజను, టైర్లు, తుపాకీ అన్నీ పలికేవి.

‘ఫ్రెంచ్ కనెక్షన్’ చెప్పిన సాయంత్రం అన్న కల్వర్టు మీద కూర్చోలేదు. ఇటుక ముక్కలు ఏరి తెచ్చి నేల మీద రెండు వరసలుగా నిలబెట్టాడు. వాటి మీద చెక్కపేళ్లు పేర్చాడు. ఆ పేళ్ల మీద ఒక అగ్గిపెట్టె, వాటి కింద ఇంకొకటి. “పైనిది రైలు, కిందది కారు” అన్నాడు. న్యూయార్క్ నగరంలో రోడ్డు మీద ఇనప స్తంభాలు నిలబెట్టి, వాటి మీద రైలు నడుపుతారని అప్పుడే మొదటిసారి విన్నాను. రోడ్డు మీద రైలు, రైలు కింద రోడ్డు. మా అలుగడ్డ బావి దగ్గర రైలు వంతెన కింద నుంచి బస్సులు పోవడం మాకు తెలుసు. అలాంటి వంతెన మైళ్ల పొడుగునా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోమన్నాడు. ఊహించుకున్నాం. మెట్టుగూడ నుంచి స్టేషన్ దాకా రోడ్డంతా మా కళ్ల ముందు ఇనప స్తంభాలతో నిండిపోయింది.

కథ ఇది. పొపాయ్ డాయల్ అనే పోలీసు. మొండివాడు, కోపిష్టి. ఫ్రాన్సు నుంచి కారులో దాచి తెచ్చే హెరాయిన్ ముఠా వెంట పడతాడు. ఒకరోజు అతను ఉండే ఇళ్ల సముదాయం దగ్గర, మేడ మీది నుంచి ఒకడు తుపాకీ పేలుస్తాడు. గుండు అతనికి తగలదు, పిల్లబండి తోసుకుంటూ పోతున్న ఒకామెకు తగులుతుంది. కాల్చినవాడు పరుగెత్తి రైలెక్కేస్తాడు. బండి కదిలిపోతుంది. డాయల్ కిందికి దిగి, దారిన పోయే ఒకాయన కారు ఆపి, తను తీసుకుని, పట్టాల కింద రోడ్డు వెంట తరుముతాడు. తరవాతి స్టేషన్లో అందుకుందామని మెట్లెక్కితే బండి ఆగకుండా పోతుంది. ఎందుకంటే పైన ఆ హంతకుడు డ్రైవరు తల దగ్గర తుపాకీ పెట్టి నడిపిస్తున్నాడు. అడ్డొచ్చిన పోలీసును చంపాడు, బండిలోని కండక్టరును చంపాడు. కింద కారు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోతూ ఎదురొచ్చే వాళ్లను తప్పిస్తూ, కొందరిని గుద్దుతూ పోతోంది. ఇంకొకామె పిల్లబండితో రోడ్డు దాటబోతుంటే డాయల్ పక్కకు తిప్పి చెత్తకుప్పలోకి దూసుకుపోతాడు. మేం ఊపిరి బిగబట్టాం. అన్న రెండు చేతులా రెండు అగ్గిపెట్టెలూ లాగుతున్నాడు. పైన డ్రైవరుకు గుండెపోటు వచ్చి కూలబడిపోయాడు. బండి పోతూనే ఉంది. ముందు ఇంకో బండి ఆగి ఉంది.

సరిగ్గా అప్పుడు నాయిన డ్యూటీ దిగి వచ్చాడు. బొగ్గు మసి ముఖంతోనే మా వెనక నిలబడి విన్నాడట, మాకెవరికీ తెలియదు. పోలీసుకు ఏమైంది, హంతకుడు దొరికాడా అని మేం అరుస్తుంటే ఆ గోలలో నాయిన గొంతు వినిపించింది.

“గా డ్రైవర్ ఏమాయెరా?”

అన్న ఒక్కక్షణం తడబడ్డాడు. “పడిపోయాడండీ” అన్నాడు.

“సచ్చిపోయిండా, సోయి తప్పిండా?”

“అది సినిమాలో చూపించలేదండీ.”

“మరి బండి ఎట్ల ఆగింది? ఫైర్‌మన్ లేడా?”

అన్న చెప్పాడు. అది కరెంటు బండి, ఒక్కడే నడుపుతాడు, బొగ్గు లేదు, ఫైర్‌మన్ లేడు. పట్టాల పక్కన ఏదో ఉంది, అది తగిలి బండి ఒక్క కుదుపుతో ఆగింది, హంతకుడు ఎగిరి పడ్డాడు. నాయిన పెట్టె కింద పెట్టి, ఆ ఇటుకల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇంతలో గార్డుగారు లుంగీతో బయటికొచ్చారు. సంగతి విని ఆయన అడిగిన మొదటి మాట, “ఆ బండికి గార్డు లేడుటండీ?” ఉన్నవాడిని చంపేశాడని అన్న చెబితే ఆయన ముఖం మారిపోయింది. చివరింటి మెయిల్ డ్రైవరు కూడా వచ్చి చేరాడు. తాము చూడని ఆ సినిమా మీద ముగ్గురూ కలిసి వేపచెట్టు కింద విచారణ జరిపారు. బండి పట్టాలు తప్పితే రైల్వే వాళ్లు జరిపే విచారణ ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే.

ఆ సాయంత్రం నేర్చుకున్నది ఏ పుస్తకమూ నేర్పలేదు. మన బళ్లకు అప్పట్లో వాక్యూమ్ బ్రేకు. ఇంజన్ మీద ఎజెక్టర్ ఆవిరితో బండి పొడుగునా ఉన్న గొట్టంలోంచి గాలిని లాగేస్తుంది. గాలి లేనంతసేపూ బ్రేకులు వదులుగా ఉంటాయి. ఎక్కడ గాలి దూరినా, గొలుసు లాగినా, గొట్టం తెగినా, బండి రెండు ముక్కలైనా బ్రేకులు వాటంతటవే పడతాయి. చివరి పెట్టెలో గార్డు చేతికింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, ముందు మనిషి పడిపోతే వెనక మనిషి ఆపగలడు. ఫుట్‌ప్లేట్ మీద డ్రైవరుతోపాటు ఇద్దరు ఫైర్‌మన్లు. “ఒక్కడు పడితే ఇద్దరుంటరు” అన్నాడు నాయిన. “పాణం ఒక్కని చేతిల పెట్టద్దు. గదీ రైలంటే.” పట్టాల పక్కనున్నది ఏమై ఉంటుందో మెయిల్ డ్రైవరు చెప్పాడు. ఎర్ర సిగ్నల్ ఉన్న చోట ఒక ఇనప చెయ్యి లేచి నిలబడుతుంది, సిగ్నల్ దాటిన బండి అడుగున ఉన్న మీటను అది కొడుతుంది, బ్రేకు పడుతుంది. నాయిన కాసేపు ఆలోచించి అన్నాడు, “గట్లయితే బండి మొదటి ఎర్ర సిగ్నల్ కాడనే ఆగాలె గద?” ఎవరి దగ్గరా జవాబు లేదు. పెద్దయ్యాక న్యూయార్క్ రైళ్ల గురించి చదివితే మెయిల్ డ్రైవరు చెప్పింది నిజమని తేలింది. ఆ ఇనప చెయ్యి అక్కడ నిజంగా ఉంది. నాయిన అడిగింది కూడా సరైన ప్రశ్నే.

మరుసటి రోజు నుంచి ఆ సినిమా మా ఆట అయింది. ఒకడు డాయల్, ఒకడు హంతకుడు. ముందురోజు దాకా అయితే మూడోవాడి వేషం ఉండేదే కాదు. ఇప్పుడు డ్రైవరు వేషం కోసం పోట్లాడుకునేవాళ్లం. డ్రైవరుకు ఒక ఆయుధం ఇచ్చాం, అదే కూత. తల మీద కర్ర తుపాకీ ఆనించినా వాడు కూత వేయవచ్చు, స్టేషన్లో వాళ్లు తప్పుకుంటారు. సినిమాలో లేని ఈ ఏర్పాటు మా ఆటలో ముఖ్యమైన నియమం.

సినిమాగా అది నా దగ్గరికి వచ్చేసరికి ఎనభైల నడిమి రోజులు. ఆసియా క్రీడల తరవాత కలర్ టీవీలు, వీసీఆర్లు ఇళ్లలోకి వచ్చాయి. రాత్రికి వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని తెల్లారేదాకా మూడు సినిమాలు చూసేవాళ్లం. మారేడ్‌పల్లిలో ఉండే మా మేనమామ ఇంట్లో ఆ క్యాసెట్టు దొరికింది. నాయిన అప్పటికి డీజిల్ ఇంజన్లకు మారాడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. బలవంతం చేసి కూర్చోబెట్టాను.

ఎన్నో ఏళ్లు మనసులో ఆడిన సినిమాను కళ్లతో చూడటం తేలికైన పని కాదు. అన్న చెప్పిన దాంట్లో ఒక్కటీ తప్పు లేదు. చెప్పనివే కొన్ని ఉన్నాయి. ఆ తరిమే దృశ్యంలో సంగీతం లేదు. పైన చక్రాల రొద, కింద టైర్ల కీచు, హారను, ఇంజను, అంతే. మా చెవులకు అది ఇంటి చప్పుడు. న్యూయార్క్ మేం అనుకున్న మెరిసే నగరం కాదు. చలికాలపు బూడిద రంగు, గోడల మీద మసి, చెత్త, అలసిన ముఖాలు. యార్డు పక్కన బతికిన వాళ్లకు అది దూరదేశంలా అనిపించలేదు. జీన్ హాక్‌మన్ ముఖంలో హీరో కనిపించడు. పట్టుకుంటే వదలని ఒక మామూలు మనిషి కనిపిస్తాడు. చివరికి స్టేషన్ మెట్ల మీద, చేతిలో ఆయుధం లేకుండా వెనుదిరిగిన హంతకుణ్ని వీపు మీద కాలుస్తాడు. ఆ దృశ్యమే సినిమా పోస్టరు. చిన్నప్పుడు ఆ పోస్టరు చూసి ఈలలు వేశాం.

నాయిన క్యాసెట్టు వెనక్కి తిప్పమన్నాడు. డ్రైవరు గదిలో జరిగేది మళ్లీ చూశాడు. ఆ మనిషి ముఖం మీది చెమట, కళ్లలో భయం, రెండు చేతులూ ఎక్కడున్నాయో చూశాడు. మెట్ల మీద హంతకుడు పడగానే సినిమా వేరే చోటికి పోయింది. “బండిల ఉన్నోళ్లను ఎవ్వరు అడుగకపాయె” అన్నాడు. నిజమే. పోలీసు చనిపోయాడు, కండక్టరు చనిపోయాడు, డ్రైవరు కూలబడ్డాడు, పెట్టెల్లో జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. వాళ్లు ఇళ్లకెలా చేరారన్నది సినిమా చెప్పదు. ఆ లెక్క నాయిన మనసులో తెరుచుకునే ఉంది.

ఆ తరవాత నేను ఆ సినిమా ఎలా తీశారో దొరికినంత చదివాను. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్. 1971లో విడుదలై, 1972లో ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, ఇలా ఐదు ఆస్కార్లు గెలిచింది. ఆధారం రాబిన్ మూర్ 1969లో రాసిన పుస్తకం. దాని వెనక ఎడ్డీ ఈగన్, సన్నీ గ్రోసో అనే ఇద్దరు న్యూయార్క్ డిటెక్టివులు అరవైల మొదట్లో ఛేదించిన నిజం కేసు ఉంది. ఆ ఇద్దరూ సినిమాలో చిన్న వేషాలు కూడా వేశారు. అయితే ఆ కేసులో కారుతో రైలును తరిమింది లేదు. నిర్మాత ఫిలిప్ డాంటొని అంతకుముందు స్టీవ్ మెక్వీన్‌తో ‘బుల్లిట్’ తీశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో గుట్టల మీద మస్టాంగ్ కారు, డాడ్జ్ చార్జర్ తరుముకునే దృశ్యం దాదాపు 11 నిమిషాలు. 1968లో వచ్చిన ఆ సినిమాతోనే ఇలాంటి దృశ్యాలకు ఒక కొలత ఏర్పడింది. దాన్ని మించాలంటే కారు వెనక కారు పనికిరాదు. న్యూయార్క్ వీధుల్లో నడుస్తూ డాంటొని, ఫ్రీడ్‌కిన్ కలిసి రైలు ఆలోచన చేశారు. ‘బుల్లిట్’లో చార్జర్ నడిపిన బిల్ హిక్‌మనే ఇక్కడ కూడా స్టీరింగు పట్టాడు.

ఆ తరిమే దృశ్యాన్ని బ్రూక్లిన్‌లో, కోనీ ఐలండ్ వైపు పోయే రైలు మార్గం కింద తీశారు. కొన్ని షాట్లు కెమెరాను తక్కువ వేగంతో తిప్పి తీశారు, తెర మీద వేగం పెరగడానికి. కానీ అన్నీ అలా తీసినవి కావు. ఒక షాటు కోసం హిక్‌మన్ గంటకు 90 మైళ్ల వేగంతో 26 వీధుల పొడుగునా మామూలు ట్రాఫిక్ మధ్య నడిపాడని, వెనక సీట్లో కెమెరా తానే పట్టుకున్నానని, మిగతా కెమెరామన్లకు భార్యాబిడ్డలు ఉన్నందుకే అలా చేశానని ఫ్రీడ్‌కిన్ చెప్పుకున్నాడు. ఒక కూడలిలో తెల్లటి కారు వచ్చి గుద్దుకోవడం ముందుగా అనుకున్నది కాదు. ఆ కారులో ఉన్నది ఆ వీధుల మనిషే, సినిమావాడు కాదు. ఆ దెబ్బ సినిమాలోనే ఉండిపోయింది. తరవాతి ఏళ్లలో ఫ్రీడ్‌కిన్ దాని గురించి దాచలేదు. ఎవరి ప్రాణమైనా పోయి ఉండేది, అప్పటి పొగరుతో చేశాను, ఇప్పుడైతే చేయనని పలుసార్లు ఒప్పుకున్నాడు. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు, 2025 ఫిబ్రవరిలో హాక్‌మన్ పోయినప్పుడు లోకమంతా ఆ దృశ్యాన్నే మళ్లీ తలుచుకుంది. నేను ఆ ఒప్పుకోలును కూడా తలుచుకున్నాను.

మన ఊళ్లోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. 1989 అక్టోబరులో వచ్చిన ‘శివ’ మా తరానికి ఎంత పెద్ద సినిమానో చెప్పాల్సిన పనిలేదు. హైదరాబాద్ వీధుల్లో తీసిన ఆ సినిమాలో నాగార్జున తన అన్న కూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పోతుంటే గూండాలు కారులో తరుముతారు. చేతిలో ఉన్నది సైకిలు, ముందు కూర్చున్నది పసిపిల్ల. హాల్లో కూర్చున్న నేను శివ ఏమవుతాడా అని చూడలేదు. ఆ పాప ఏమవుతుందా అనే చూశాను. మా నాయిన నేర్పిన చూపు అది. 2025 నవంబరులో ‘శివ’ మళ్లీ విడుదలైనప్పుడు రామ్ గోపాల్ వర్మ, ఆ పాప వేషం వేసిన అమ్మాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. అంత చిన్న పిల్లతో అంత ప్రమాదకరమైన షాట్లు చేయించాననీ, అప్పుడు తనకు ఆ సంగతి తట్టలేదనీ. ఇప్పుడు అమెరికాలో పరిశోధన చేసుకుంటున్న ఆ అమ్మాయి ఆ మాటను పెద్ద మనసుతో అందుకుంది. ముప్పై ఆరేళ్ల తరవాత చెప్పినా అది చెప్పాల్సిన మాటే. తరుముతున్న వాడూ, పారిపోతున్న వాడూ కాక ఆ దృశ్యంలో మూడో మనిషి కూడా ఉందని ఒక పెద్ద దర్శకుడు గుర్తించాడు.

రైలువాళ్లు ఆ మూడో మనిషిని ఎన్నడూ మరవలేదు. వాళ్ల విద్యంతా ఆ మనిషి చుట్టూనే అల్లుకుంది. డ్రైవరు పడిపోతే, నిద్రపోతే, భయపడితే, తుపాకీ కింద ఉంటే బండి ఏం కావాలి? వాక్యూమ్ బ్రేకు దానికి ఒక జవాబు. ఇనప చెయ్యి ఇంకొకటి. చెయ్యి తీస్తే బ్రేకు పడే పిడి మరొకటి. మా మెట్టుగూడకు దగ్గర్లోనే రైల్వే సిగ్నలింగ్ విద్య నేర్పే సంస్థ ఇరిసెట్ 1957 నుంచి ఉంది. ఆ గోడ పక్కనుంచి బడికి పోయే రోజుల్లో లోపల ఏం నేర్పుతారో మాకు తెలియదు. ఎర్ర సిగ్నల్‌ను దాటబోయే బండిని తనంతట తానే ఆపే ‘కవచ్’ పద్ధతిని మొదట ప్రయోగించింది మా దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్‌ను ఎదురుగా ఉన్న ఇంకో ఇంజన్ వైపు నడిపారు. 380 మీటర్ల దూరం ఉండగానే అది తనే ఆగిపోయింది. ఆ స్టేషన్లు ఉన్నది వాడి లైను మీదే, 1874లో మా ఊరికి మొదటి బండి వచ్చిన దారి. నాయిన ఉండగా ఆ వార్త వచ్చి ఉంటే పత్రికను రెండుసార్లు చదివించుకునేవాడు.

2017 నవంబరులో మెట్టుగూడ మీదుగా మెట్రో వచ్చింది. ఇప్పుడు తార్నాక నుంచి మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్ దాకా రోడ్డు నడిమి స్తంభాలు, వాటి మీద రైళ్లు. అన్న ఇటుకలతో కట్టిన ఊరు నిజంగానే వచ్చింది. ఆ రైలు నడిపే పిల్లల్లో అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ముందు బండి ఎక్కడుందో రేడియో ద్వారా ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ, దాని దగ్గరికి పోకుండా వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు వాళ్లకు తోడుగా ఉంది. ప్రాణం ఒక్కరి చేతిలో పెట్టకూడదన్న నాయిన మాట ఇప్పుడు వేరే రూపంలో ఆ స్తంభాల మీద పరుగెడుతోంది.

‘ఫ్రెంచ్ కనెక్షన్’ గొప్ప సినిమా. ‘బుల్లిట్’ గొప్ప సినిమా. ఇంట్లో పిల్లలకు నేనే పెట్టి చూపించాను, మళ్లీ మళ్లీ చూస్తాను. నిజం రోడ్లు, నిజం బరువు, నిజం ప్రమాదం ఉన్నందువల్లే అవి ఈనాటికీ గుండె దడ పుట్టిస్తాయి. అయితే చూసే ప్రతిసారీ పిల్లలతో ఒక పని చేయిస్తాను. తరిమే దృశ్యం అయ్యాక ఆపి, ఇందులో తమకు ఇష్టం లేకుండా ఇరుక్కున్న వాళ్లెవరో చెప్పమంటాను. కారు పోగొట్టుకున్న ఆయన, పిల్లబండి తల్లులిద్దరూ, కండక్టరు, పెట్టెల్లో జనం, తెల్లకారు మనిషి, డ్రైవరు. పిల్లలు ఆ పేర్లన్నీ చెప్పేసరికి వాళ్లు సినిమాను పోలీసు పక్కనుంచి కాకుండా రోడ్డు పక్కనుంచి చూడటం మొదలుపెడతారు. సాయంత్రం అదే పిల్లలు బండి తాళం అడుగుతారు. రోడ్డు మీద తమతోపాటు ఎవరెవరు ఉంటారో ఆలోచించడం అప్పటికే అలవాటైన పిల్లలకు నేను నమ్మకంగా తాళం ఇస్తాను.